సవుడు నీళ్ల ఎరుపు

మా ఆయన పోయిన్నాటికి మగ్గం మీద సావుకారికి నేసే ఎర్ర పట్టుచీర సగమే ఉన్నది. "ఎందుకొదినా, కోసి పక్కకు పెడదాం" అన్నడు మరిది. నాకు కోపమొచ్చింది. "ఆయన చెయ్యి పెట్టినదాన్ని సగంల కోస్తరా? నేనే నేస్త" అని మీదవడ్డ.

నేత నాకొచ్చు. రంగు అద్దుడే రాదు, అది ఆయన పని. ఆయన అద్దిన పట్టునూలు అయిపోయింది. కొత్త నూలుకు అదే ఎరుపు రావాలె, లేకుంటె చీర నడుమ గీత గీసినట్టు కనవడ్తది.

రంగు డబ్బ అదే, గిన్నె అదే. రంగు పట్టనీకి పోసే పుల్లటి ఆసిడ్ గూడ ఆయన పోసినన్ని మూతలే పోసిన. నీళ్లు మాత్రం నల్లావి. ఇంట్ల నల్లా వచ్చినంక గూడ ఆయన బాయి నీళ్లే చేదుకునేటోడు. పిచ్చి అలవాటనుకున్న.

నూలు ముంచిన్నో లేదో రంగు ఒక్కపారే మీదవడ్డది. ఒకకాడ చిక్కన, ఒకకాడ పల్చన. మన్నువడ, నూలు లడీ మొత్తం ఖరాబైంది! గిన్నె ముంగట కూలవడి ఏడ్చిన. "నువ్వుంటె గిట్లైతుండెనా?" అని తిట్టిన. తిట్టనీకి గూడ ఎదురుంగ మనిషి లేకపాయె.

రంగు వేసేముందు ఆయన ఆసిడ్ కలిపిన నీళ్లు ఒక్క బొట్టు నాలుక కొసకు పెట్టుకునేటోడు. "విషం తాగుతవా ఏందయ్యా?" అంటె, "నీ పచ్చిపులుసు కంటె నయమే" అని నవ్వేటోడు. అది యాదికొచ్చి, నల్లా నీళ్లల్ల మళ్ల అన్నే మూతలు పోసి నాలుకకు పెట్టుకున్న. దవడలు జివ్వుమన్నయి. అప్పుడు సమజైంది. మా బాయివి సవుడు నీళ్లు, పోసిన పులుపును సగం అవే మింగుతయి. నల్లా నీళ్లు మింగవు. పులుపు ఎక్కువైతె రంగుకు ఆత్రం.

ఆయన మంచం పట్టినప్పటి సంది ఎవరూ చేదక బాయిల ఆకులు కుళ్లి, నీళ్ల నిండ చెత్తే ఉన్నది. అవే చేది వడగట్టిన, మళ్ల వడగట్టిన. అన్నే మూతలు పోసి, కొత్త లడీ ముంచిన. ఈసారి రంగు మెల్లగ, సమంగ ఎక్కింది. ఆఖరికి గిన్నెల నీళ్లు తేటవడ్డయి, ఎరుపంతా నూలే తాగింది. ఆయన ఎరుపే! "వచ్చిందయ్యా!" అని ఒక్కదాన్నే ఒర్రిన.

చీర కోసిన్నాడు మరిది తిప్పితిప్పి చూసిండు. "యాడ కలిసిందో తెలుస్తనే లేదొదినా" అన్నడు. మస్తు సంబురపడ్డ.

మరిది ఎల్లిపోయినంక, ఆయన నేసింది ఎందాకనో చూసుకుందామని చేత్తోని తడిమిన. కండ్లకాడ పెట్టుకొని ఎతికిన. దొరకలే. వాకిట్ల సావుకారి మనిషి "అమ్మా, చీర" అని పిలుస్తుండు. ఒక్క గీతన్న ఉంచుకోకపోతిని కదా!