పద్యాన్ని ఇంటికి పంపిన మేష్టారు

పోయిన బుధవారం మా ఇంగ్లీషు మేష్టారు పోయారు. తాడేపల్లిగూడెం స్టేషనులో గూడ్సు గుమాస్తాగా ఉన్న నా స్నేహితుడు సైకిలు మీద పెంటపాడు వచ్చి, నేను పాఠం చెబుతున్న గది గుమ్మంలో నిలబడి, "మేష్టారు పోయార్రా" అన్నాడు. ఏ మేష్టారని నేను అడగలేదు. మా ఇద్దరికీ బోలెడుమంది చదువు చెప్పారు గాని, ఉత్త 'మేష్టారు' అంటే ఒక్కరే. పిల్లల్ని పక్క గదిలో అప్పగించి, ఇద్దరం గూడెం వెళ్ళి ఏలూరు రైలెక్కాం. దారంతా ఏడవాలి కదా? ఏడవలేదు, నవ్వాం. ఆయన్ని తలుచుకుంటే నవ్వే వస్తుంది, ఏం చెయ్యమంటారు! ఎదుటి బల్ల మీద పెద్దాయన మమ్మల్ని చూసి, "పెళ్ళికాండీ బాబూ?" అని అడిగాడు కూడా.

ఆయన్ని ఎరగనివాళ్ళకు కాస్త చెబుతాను. భారీ మనిషి. ముందు బొజ్జ వచ్చేది, తరవాత కోటు, ఆ వెనక ఆయన. నల్లబల్ల తుడిచే గుడ్డ ఎప్పుడూ కనబడేది కాదు. భుజం మీది కండువాతోనే తుడిచేవారు. సాయంత్రమయ్యేసరికి ఆ రోజు పాఠమంతా తెల్లగా ఆయన భుజానే ఉండేది. మాలాంటి కుర్రకుంకల్ని కూడా 'అండీ' అనేవారు. పేర్లు గుర్తుండేవి కావు గనక ఊళ్ళతో పిలిచేవారు. "ఏవండీ ఉంగుటూరు గారూ, ఆ కిటికీలో అంత ఏముందండీ?" "పెదవేగి గారూ, తమరు మేలుకుంటే మొదలెడదామండీ." నేను కొల్లేటి నడుమ లంకలోంచి వచ్చినవాణ్ణి కాబట్టి కొల్లేరు గారిని. ఏ పద్దెనిమిదేళ్ళకో మీసం వచ్చినప్పుడు గాని ఎవరూ నన్ను 'గారూ' అంటారనుకోలేదు. ఆయన అనేసరికి నాకు తెలియకుండానే చొక్కా బొత్తాలు పెట్టుకునేవాణ్ణి.

మా లంకలో చిన్నబడి దాటితే చదువు లేదు. నాన్న నన్ను ఏలూరులో చిన్న గది తీసి పెట్టి, వండి పెట్టడానికి వాళ్ళమ్మను, అంటే మా మామ్మను, తోడు పంపాడు. షరతు ఒక్కటే. స్కూలు ఫైనలు మొదటిసారికే గట్టెక్కాలి. లేదంటే దోనె ఎక్కి తిరిగొచ్చి చేనూ గేదెలూ చూసుకోవాలి. నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. లెక్కలకు భయం లేదు, చరిత్రకు భయం లేదు. ఇంగ్లీషు పద్యాలంటే మాత్రం చెమటలు పట్టేవి. బజార్లో నోట్సు దొరికేది. పద్యానికి అర్థం, సారాంశం, ప్రశ్నలు, జవాబులు అన్నీ అందులోనే. దాన్ని బట్టీ పట్టి పరీక్షలో దించెయ్యడమే అప్పటి ఆచారం.

మేష్టారు ఆ ఆచారాన్ని గంగలో కలిపారు. పద్యం ఒకసారి గట్టిగా చదివి, మాటలకు అర్థాలు చెప్పి, "ఇహ దీన్ని ఇంటికి తీసుకెళ్ళండి. పచ్చిగా తిరిగి తేకండి, వండించుకు తెండి" అనేవారు. ఏమీ లేదు, సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ పద్యం తెలుగులో చెప్పాలి. వాళ్ళేమన్నారో మర్నాడు క్లాసులో లేచి చెప్పాలి. "మీ అమ్మగారికి అర్థం కాలేదంటే మీకు అర్థం కాలేదనే అర్థం." ఇదీ ఆయన మాట. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు శనివారం వెళ్ళినప్పుడు చెప్పి రావాలి. మినహాయింపులేమీ లేవు.

మొదటి పద్యం వసంతకాలం ఎండ మీద. సూర్యుడొచ్చాడు, పొలాల మీద నవ్వాడు, రండి బయట పడుకుందాం అని కవి ఒకటే సంబరం. సోమవారం అభిప్రాయాలు చూడండి! ఉంగుటూరు గారి అమ్మ, "పాపం, ఆ అబ్బాయి ఇంట్లో దుప్పటి లేదేమోరా" అందట. పెదవేగి గారి తాత ఇంకా సూటిగా, "ఎండలో పడుకుంటానన్నవాడికి ముందు నిమ్మకాయ నీళ్ళు పట్టండ్రా" అన్నాడట. మా మామ్మ కూడా వాడికి బుర్ర తిరిగిందనే తీర్మానించింది. మేష్టారు బొజ్జ పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, ఆ దేశపు చలి ఎలాంటిదో, నెలల తరబడి ఎండ లేకపోతే మనిషి ఏమవుతాడో గంటసేపు చెప్పారు. ఆ రోజు చలి మాకు నిజంగా తెలిసింది. చిత్తడి చెమటల్లో కూర్చుని ఎండ కోసం మొహం వాచిపోయాం.

అలా అలా దీపం పద్యం దగ్గరికి వచ్చాం. సముద్రపొడ్డున ఓడలకు దారి చూపే పెద్ద దీపం. దాన్ని కాపలా కాసే మనిషి ఓ సాయంత్రం చచ్చిపోతాడు. భార్య అతని కళ్ళు మూసి, మెట్లెక్కి దీపం వెలిగిస్తుంది. అంతే పద్యం. నోట్సులో 'ఈమె కర్తవ్యపరాయణత్వానికి ఉత్తమోదాహరణ' అని ఉంది. నేను మామ్మకు చెప్పాను. చింతకాయ పచ్చడి నూరుతున్న మనిషి, బండ ఆపింది.

"కర్తవ్యమూ లేదు, కాకరకాయా లేదు" అంది. "దాని చేతులకి పని కావాలిరా. ఉత్తచేతుల్తో ఆ శవం పక్కన కూర్చోలేకపోయింది. మీ తాతగారు పోయిన రోజు నేను వెళ్ళి గేదె పాలు తీశాను. గేదె ఆగుతుందా? చూసినవాళ్ళు గుండె రాయన్నారు. అననీ. చెంబు నిండేదాకా నేను బతికున్నాను, అంతే."

మళ్ళీ నూరడం మొదలెట్టింది. నేను అక్కడినుంచి కదల్లేకపోయాను. మర్నాడు క్లాసులో చెబితే మేష్టారు నల్లబల్ల వైపు తిరిగారు. కండువాతో బల్ల తుడిచారు. బల్ల మీద ఏమీ లేదు.

తరవాత వచ్చింది సెలక్షను పరీక్ష. అందులో నెగ్గితేనే అసలు పరీక్షకు పంపుతారు. మేష్టారికి ఆ వారం జ్వరం, పేపర్లు హెడ్మాష్టరు దిద్దారు. దీపం ఎందుకు వెలిగించిందని ప్రశ్న. నేను మామ్మ మాట నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. మిగతావాళ్ళు నోట్సే దించారు గాని, నేను కూర్చునే బెంచీల వరసలో అందరూ ఇంటిమాటే రాశారు. అందరికీ సున్నాలు. పంపబోయేవాళ్ళలో మా వరస మొత్తం లేదు.

కబురు వినగానే నాన్న వచ్చేశాడు. తిట్టలేదు. పక్కచుట్ట కట్టి, "పద, రేవుకి బండి ఉంది" అన్నాడు. అంతకన్నా తిడితేనే బాగుండేది. నేను మాట్లాడకుండా బయల్దేరి, బండి దాకా వెళ్ళి, అక్కడినుంచి పరుగు లంకించుకున్నాను. తిన్నగా మేష్టారింటికే. ఆయన జ్వరం మొహంతోనే కోటు తగిలించుకుని, వెనకాలే వగరుస్తూ వచ్చిన నాన్నను కూడా వెంటపెట్టుకుని హెడ్మాష్టరు గదికి నడిచారు.

"ఇంగ్లీషు పేపర్లో గేదె ఏమిటండీ మేష్టారూ?" అన్నారు హెడ్మాష్టరు.

"వీరు తప్పు రాశారాండీ, వేరే రాశారాండీ?"

"నోట్సులో లేదు."

"కవిగారు కూడా నోట్సు చూసి రాయలేదండి."

హెడ్మాష్టరు చెడ్డవారేమీ కారు. "నాకు సరే, రేపు మద్రాసులో దిద్దేవాళ్ళు ఊరుకుంటారా?" అన్నారు. మేష్టారు నా పేపరు తీసి, "వీరి నాన్నగారికి ఇంగ్లీషు రాదు గనక తెలుగులో చదువుతానండి" అని మొదలెట్టారు. భర్త కళ్ళు మూసిన ఆమె, మెట్లు, దీపం. తరవాత మా తాత, గేదె, చెంబు. చదవడం పూర్తయింది. నాన్న నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ రోజు మా అమ్మని గుండె రాయన్నది నేనేనండి" అన్నాడు.

నాన్న పై కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాన్న ఏడవడం నేను చూడడం అదే మొదలు. హెడ్మాష్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. చివరికి, "వీళ్ళు తప్పితే?" అన్నారు.

"తప్పితే నేను ఇంగ్లీషు మానేసి డ్రిల్లు చెబుతానండి" అన్నారు మేష్టారు, తన బొజ్జ వంక చూసుకుంటూ. హెడ్మాష్టరు పకపకా నవ్వేశారు. ఆ నవ్వుతోనే మా వరసంతా పరీక్షకు వెళ్ళింది. పక్కచుట్ట తిరిగి గదికి వచ్చింది. ఆ సాయంత్రం నాన్న పొయ్యి దగ్గర మామ్మ పక్కన చతికిలబడి, ఆమె చేతిలోంచి ఊదుగొట్టం తీసుకుని తనే మంట ఊదాడు. ఎప్పుడూ లేని ఈ మర్యాదేమిట్రా అని ఆమె అడిగితే, "ఏం లేదమ్మా" అన్నాడు.

పరీక్షలో ఆ దీపం పద్యమే వచ్చిందంటే కథకు బాగుంటుంది గాని, రాలేదు. యుద్ధం నుంచి వచ్చిన కొడుకు తల్లికి ఏమీ చెప్పకుండా గుర్రానికి నీళ్ళు పెట్టే పద్యం వచ్చింది. ఆ తల్లి ఎందుకు అడగలేదో రాయమన్నారు. 'అడిగితే చెప్పాలి, చెబితే వినాలి' అని మామ్మ ఎప్పుడో చెప్పేసింది. రాస్తుంటే చెయ్యి ఆగలేదు. హాల్లో తల తిప్పి చూద్దును గదా, మా వరసవాళ్ళ కలాలన్నీ అలాగే పరుగెడుతున్నాయి.

మా వరసలో ఒక్కడంటే ఒక్కడు తప్పలేదు! ఆ సంగతి నాకు బడిలో తెలియలేదు. వేసవి ఎండలో మేష్టారే మా గది వెతుక్కుంటూ వచ్చారు. నా వంక చూడనైనా చూడలేదు. లోపలున్న మామ్మకు చేతులు జోడించి, "ఏవండీ మామ్మగారూ, మీరు పాసయ్యారండీ" అన్నారు.

మామ్మ గబగబా పైట భుజాల నిండా కప్పుకుంది. "మా వాడోనండీ?"

"మీతోపాటు ఆయన కూడానండి."

ఆమె ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగి, "ఇంకా చాలామంది పాసయ్యారండి, అందరికీ చెప్పి రావాలి" అని బయల్దేరారు. నేనూ వెంటపడ్డాను. బండి కట్టించుకుని పెదవేగి వెళ్ళాం. తాతగారు దూరంగా పొలంలో ఉన్నారన్నారు. ఆ భారీ మనిషి పంచె ఎగగట్టి, పడుతూ లేస్తూ గట్టెక్కి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కేకేశారు. "తాతగారండోయ్! పాసయ్యారండోయ్!" పొలం మధ్య ముసలాయన నడుం ఎత్తి చూశాడు. చెవిన పడిందో లేదో గాని, తలగుడ్డ విప్పి గాలిలో ఊపడం మొదలెట్టాడు. మేష్టారు ఇటు గట్టు మీంచి సుద్ద కండువా తీసి అంత జోరుగానూ ఊపారు.