బావ చేసిన చలికాలం ఏర్పాట్లు

మా అక్క మొగుడు కంపెనీ తరఫున పది రోజులు కొరియా వెళ్లి, చలికాలం గురించి సమస్తం తెలిసిన మనిషై తిరిగొచ్చాడు. మలేసియాలోని మా తెలుక్ ఇంటాన్‌లో డిసెంబరు వానలు పట్టుకోగానే కిటికీల సందుల్లో స్పాంజి కుక్కి, పైన టేపు అంటించాడు. పెరటి కుళాయికి పాత తువ్వాలు చుట్టాడు.

"ఏటి బావా, ఇక్కడ నీళ్లు గడ్డ కడతాయా?" అని అడిగాను.

"నీకేటి తెలుసు? సలి సెప్పి వస్తాదా? మనమే ముందు సూసుకోవాల లా," అన్నాడు, ఇక్కడి మాటతీరులో చివర 'లా' తగిలించి. కొరియాలో ఆయన హోటల్ గది దాటింది తక్కువేనని అక్క నాకు అప్పటికే చెప్పింది.

ఆ ఆదివారం సాయంత్రం క్రిస్మస్ పాటలు పాడడానికి చర్చి నుంచి పదిహేను మంది వచ్చారు. బావ తలుపు కూడా మూసి, ఫ్యాను వేయనివ్వలేదు. రెండో పాట సగంలో పాస్టరమ్మ కళ్లు తేలేసి సోఫాలోకి జారిపోయింది. అక్క లేచి, కూరగాయల కత్తితో టేపు కోసి కిటికీలన్నీ తెరిచింది. గాలి తగిలాక పాస్టరమ్మ తేరుకుని మంచినీళ్లు అడిగింది.

మరుసటి వారం చర్చి ముందు బావ గంభీరంగా అందరికీ చెబుతున్నాడు. "సలిగాలికే ఆమె పడిపోయినాది. మా ఆవిడ కిటికీ తీసినాది లా."