అవి నాటు

మా దర్జీ బాబాయి పెరట్లో కలుపు తీశారు. తీసినవాటికి మట్టి దులిపి, వేళ్ళన్నీ ఒకవైపుకి సర్ది, పళ్ళెంలో పెట్టి, మంచం మీదున్న పిన్నికి తెచ్చి చూపించారు. పిన్ని పళ్ళెంలోంచి ఒకటి తీసి ఆకు తిప్పి చూసింది. అవి కలుపు మొక్కలు కావు. మంచాన పడకముందు ఆవిడ తన చేత్తో గోడవార వేసుకున్న నాటు చిక్కుడు మొలకలు.

ఆ చిక్కుడు పిన్ని పుట్టింటి విత్తనం. ఏటా కాసిని కాయల్ని తీగకే ఎండనిచ్చి, గింజలు దాచి, తొలకరి పడగానే వేసేది. అది ఏ దుకాణంలోనూ దొరకదు. ఈసారి దాచినదంతా వేసేసింది. పళ్ళెంలో ఉన్నవి పోతే ఆ విత్తనానికి నూకలు చెల్లినట్టే.

బాబాయికి బట్ట తెలిసినంతగా మట్టి తెలియదు. నర్సరీలో కొన్న హైబ్రిడ్ నారుకి చోటు చేద్దామని మెడలోని టేపు తీసి గోడవార కొలిచారు. ఇటుకల మీద సుద్దతో గుర్తులు పెట్టారు. అడ్డొచ్చిన మొలకల్ని కుట్టు విప్పినంత ఓపిగ్గా పీకుతుంటే, పిన్ని దిండ్లకి ఆనుకుని కిటికీలోంచి చూసి అరిచింది.

“అవి నాటు, అవి నాటు.”

నాటు రకమని ఆవిడ మొత్తుకుంటుంటే, నారు నాటమంటోందనుకుని ఈయన చెయ్యి జోరు పెంచారు.

“నాటుతున్నానే, ఉన్నవి రెండు చేతులేగా” అని జవాబు కూడా ఇచ్చారు.

సాయంత్రం నేను వెళ్ళేసరికి పిన్ని నన్నే న్యాయం చెప్పమంది.

“నేనెప్పుడైనా మీ బాబాయిని నువ్వు అన్నానురా? నాటమని చెప్పాల్సొస్తే నాటండి అననూ?”

బాబాయి తలొంచుకుని టేపు చుడుతున్నారు. “ఇన్నేళ్ళకి చనువొచ్చిందనుకున్నాన్రా. ఆ సంతోషంలో నాలుగు ఎక్కువే పీకాను.”

పిన్ని నవ్వబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. బాబాయి పట్టుకున్నవి నిజంగానే ఆకులు. వాటిని మళ్ళీ పాతి, పుల్లలు ఆనించి, నలగకుండా దారంతో వదులుగా కట్టారు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. తెగిన వేరు ఏ దారానికీ లొంగదు. ఒక్కొక్కటే తల వాల్చేసింది. ఒక్కటి మాత్రం నిటారుగా నిలబడితే, బాబాయి మిషను ఆపేసి దాని ముందు స్టూలేసుకుని కాపలా కూర్చున్నారు. అన్నానికి లేచిన కాసేపట్లో దాన్ని నత్త తినేసింది. నర్సరీ నారు మాత్రం, ఎవరూ అడక్కపోయినా, గీత గీసినట్టు ఏపుగా ఎదిగింది.

పిన్ని దిండ్లు తీసేశారు. లేచి కూర్చునే ఓపిక పోయింది. డాక్టరు రావడం మానలేదు గానీ మాట్లాడటం తగ్గించాడు. కిటికీలోంచి ఆవిడకిప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనబడదు. పెరట్లో నీళ్ళ చప్పుడు వినబడగానే అడుగుతుంది.

“తీగ పుల్లని అందుకుందాండీ?”

“అందుకుంటోందే.”

‘రేపిచ్చేస్తా’నని జన్మంతా జనాన్ని తిప్పుకున్న దర్జీకి, ఈ ఒక్క అబద్ధం మాత్రం చెంబు వైపు తిరిగి చెప్పాల్సొస్తుంది.

మొన్న పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. “అన్నయ్యగారూ, పొద్దున్నా సాయంత్రం మీరిలా నీళ్ళు గుమ్మరిస్తుంటే మా గోడ చెమ్మెక్కి సున్నం రాలిపోతోంది. ఆ ఎండు పుల్లలకి నీళ్ళెందుకండీ?”

బాబాయి చెంబు వంచుతూనే అన్నారు. “కాస్త మెల్లగా అనమ్మా, అవి బతికే ఉన్నాయనుకుంటోంది మీ వదిన.”