పాట కింద ఒక్క పేరు

పోయిన వారం నెవార్క్ స్టేషన్‌లో మెట్లు దిగుతుంటే ఒక బరువైన గొంతు నా పాదాల కింద నుంచి వచ్చినట్టనిపించింది. కింద నలుగురు విద్యార్థులు వాయిద్యాలేమీ లేకుండా పాడుతున్నారు. ఎక్కవలసిన ట్రెయిన్ వదిలేసి నిలబడిపోయాను. వాల్టర్ గారు గుర్తొచ్చారు.

పిస్కాటవేలో లైబ్రరీ సైన్స్ చదివే రోజుల్లో, ఒకప్పుడు వీధి మూలల్లో పాడిన బృందాల కథలు సేకరించే పని మా ప్రొఫెసర్ నాకు అప్పగించారు. అలా ఆయన ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన నల్లజాతి పెద్దమనిషి. స్కూల్ బస్ నడిపి రిటైరయ్యారు. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి నా ఐడీ కార్డు చదివారు. లోపలికి రానిచ్చాక రికార్డర్ ఆపించి, తనకు కనబడేలా కిటికీ దగ్గర పెట్టించారు. నా మాటలు పట్టుకెళ్లి ఎవరికిస్తావని అడిగారు. లైబ్రరీకన్నాను. నమ్మలేదు.

అయినా శనివారం శనివారం రమ్మనేవారు. ఆయన చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. కుర్రతనంలో ఐదుగురు స్నేహితులు ఒక సెలూన్ ముందు చేరేవారట. అక్కడి ఇటుక గోడలు గొంతును తిరిగిచ్చేవట. వాయిద్యాలు కొనే స్తోమత లేదు కాబట్టి ఆ పనీ నోళ్లే చేసేవి. రేమండ్ అనే స్నేహితుడు ఒక పాట కట్టాడు. వాల్టర్ గారిది అందరికంటే కింద పలికే బరువైన గొంతు, అట్టడుగు స్వరం. రికార్డుల కంపెనీవాళ్లు వచ్చి పాటను రికార్డుగా వేశారనీ, రేమండ్ పేరు లేకుండా చేశారనీ చెప్పారు.

ఆ కంపెనీ కాగితాల మీద సంతకం చేసిన రోజు తను అక్కడే ఉన్నానని ఒక వారం, పనిలో ఉన్నానని మరో వారం అన్నారు. నా రూమ్మేట్ స్వప్నకు చెబితే, "గా ముసలాయన స్టోరీ ఎందుకు మారుస్తున్నడే? ఒకసారి చెక్ చెయ్," అంది. అప్పటికే రేమండ్ చనిపోయాడు. అతని చెల్లెలు డోరిస్‌ను కలిస్తే ఒక ఫోటో ఇచ్చింది. అందులో నలుగురే ఉన్నారు. కుడి అంచును కత్తెరతో కత్తిరించేశారు. రేమండ్ భుజం మీద మాత్రం ఎవరిదో చెయ్యి మిగిలింది. ఎవరని అడిగితే వాల్టర్‌నే అడగమంది.

లైబ్రరీలో ఆ రికార్డు దొరికింది. లేబుల్ మీద పాట కింద రచయితగా ఒక్కటే పేరు: వాల్టర్ గారిది.

మరుసటి శనివారం ఆ లేబుల్ కాపీ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"రచయిత పేరు రాయడానికి కాగితం మీద ఒక్క గీతే ఉంది. ఒక్క పేరే పడుతుందనుకున్నాను," అన్నారు. కాపీని పక్కకు జరిపి, "అలా అనుకున్నానని అందరికీ చెప్పాను. అనుకోలేదు," అన్నారు.

ఆ రికార్డు వచ్చాక రేమండ్ సెలూన్ వైపు రాలేదట. వారం తిరిగేలోగా మిగతావాళ్లూ మానేశారు. వాల్టర్ గారు తనే లేచి రికార్డర్ ఆన్ చేశారు. "పాట రేమండ్‌ది," అని చెప్పి పాడారు. అట్టడుగు స్వరం మాత్రమే పాడారు, తక్కిన నలుగురికీ చోటు వదిలిపెడుతూ. అసలు పాట కూడా పాడమన్నాను. "అది నాది కాదమ్మా," అన్నారు.

డోరిస్‌కు వినిపించాను. చివరిదాకా విని, "ఇన్నేళ్లు ఎందుకాగాడు?" అని మాత్రం అడిగింది. ఆయన పశ్చాత్తాపంతో చెప్పారో, నాకు దొరికిపోయారు కాబట్టి చెప్పారో నాకు తెలియదు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పటికీ తెలియదు.

ఆయన దగ్గర నేర్చుకున్న అనుమానం ఇప్పుడు ఎక్కువగా నా మీదికే తిరుగుతుంది. నిరుడు మా ఆఫీస్‌లో నేనూ, తోటి ఉద్యోగినీ కలిసి తయారుచేసిన కేటలాగ్ మీద పొరపాటున నా పేరొక్కటే వచ్చింది. నాలుగో రోజు చెప్పి సరిచేయించాను. నాది పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు. మొదటి రోజే చూశానని, మూడు రోజులు ఊరుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం.