అలసంద తీగకు చల్లిన బూడిద

నేను ఐదో తరగతితోనే బడి మానేశాను. గాలివాటం చూసుకోవాలనే పాఠం ఆరో తరగతిలో ఉండి ఉంటుంది.

పోయిన చలికాలం, సముద్రం పక్కనున్న మా ఊళ్లో, కడుపుతో ఉన్న నా భార్య పెరట్లో పెంచిన అలసంద తీగకు నల్లగా పేనుబంక పురుగు పట్టింది. ఆ కాయల గింజలతోనే వడలు తినాలని ఆమె కోరిక. ఆకుల మీద మంచు ఆరకముందే చల్లితే పురుగును చంపే పొయ్యిబూడిద బాగా అంటుకుంటుందని తెల్లవారుజామునే లేచాను. పొగమంచులో తీగ, పందిరి, అలల చప్పుడు అన్నీ కలలోలా తేలుతున్నాయి. నేనూ ఆ కలలోనే ఉండి, గాలికి ఎదురుగా చేటెడు బూడిద విసిరాను. కళ్లు మండి, కేకపెట్టి కూలబడ్డాను.

ఆమె వచ్చి నా కళ్లు కడిగింది. నవ్వుకుంటూ, చేటలో మిగిలిన పిడికెడు బూడిద తనే చల్లింది.

పురుగు పోయింది, తీగ విరగకాసింది. మొదటి వడ నా చేతిలో పెడుతూ అంది:

"పిడికెడు బూడిదకే తీగ ఇంత కాసింది గదా! చేటెడు పోసుకున్నావు, నువ్వెప్పుడు కాస్తావు బావా?"