సిస్టరమ్మ పెరట్లో నల్ల బండలు

ఈ ఉదయం వెనక తలుపు తీయగానే తడి రాయి వాసన ముక్కుకు తగిలింది. అక్టోబరు వచ్చిందంటే ఇంగ్లండులోని ఈ స్విండన్‌లో ఆకులూ వానా కలిసే రాలుతాయి. మా పెరట్లో గోడవార ఇటుకల మీద ఒకే ఒక్క నల్ల బండ ఉంది. దాని మీద అతుక్కున్న ఆకులను గట్టి చీపురుతో ఊడ్చి, పాత తువాలుతో తుడిచాను. వంటగది కిటికీలోంచి నా కూతురు నాగమణి చూసి, "రాయికి టవల్ యాందమ్మా, జలుబు చేస్తాదా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. రాయికి చలి తగులుతుందని నాకు చెప్పిన మనిషి ఇప్పుడు లేదు. ఆమె ఎట్లా పడిందో, ఎందుకు పోయిందో తెలిసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కతెనే.

నేను యర్రగుంట్ల దగ్గర బండల గనిలో ముప్పై ఏళ్ళు కూలి చేశాను. మొగుడు ఆ గనిలోనే పోయాడు. కూతురు చదువుకొని ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగంలో చేరింది. బిడ్డ పుట్టాక నన్ను పిలిపించుకుంది. వచ్చిన మొదటి వారంలోనే కంచె అవతలికి తొంగిచూసి, "అయ్యో, అవి మా బండలే!" అని అరిచాను. పక్కింటి పెరడంతా నల్లగా, నున్నగా, మా కడప బండలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య కర్ర పట్టుకొని నిలబడ్డ ముసలామె తెల్లబోయి చూసి, తెలుగులోనే జవాబిచ్చింది. "మీ బండలేందమ్మా? మా ఆయన నడుం విరగ్గొట్టుకొని పరిచినయ్యి."

ఆమె పేరు రూతమ్మ. గుంటూరు వైపు మనిషి. వయసులో ఉండగా నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే పనిచేసి రిటైరైంది. మా ఊళ్ళో నర్సులను పిలిచినట్టే నేను ఆమెను సిస్టరమ్మా అనేదాన్ని. ఆమె భర్త ప్రభుదాసు రాళ్ళమ్మే చోటికి పోయి, కడప నుంచి వచ్చిన రాయని వినగానే వేరే రాయి వైపు చూడలేదట. ఒక వేసవంతా ఒంటిచేత్తో పరిచి, ఆ మరుసటి ఏడే పోయాడు. అప్పటినుంచి ఇరవై చలికాలాలు ఆ బండలను ఆమే కాపాడింది.

కాపాడడం ఆమెకు ముచ్చట కాదు, అవసరం. ఆమె అప్పటికే రెండుసార్లు ఇంట్లో పడింది. ఒక్కగానొక్క కొడుకు డేనియల్ ఎక్కడో దూరాన గ్లాస్గోలో ఉంటాడు. ఇంకొక్కసారి పడితే ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో చేర్పిస్తానని తేల్చి చెప్పేశాడు. "నేను అట్టాంటి చోట పనిచేశా ఓబుళమ్మా," అనేది ఆమె. "వరసగా కుర్చీలేసి కూర్చోబెడతారు. టీ ఎప్పుడొస్తుందా అని గోడ గడియారం చూస్తా కూర్చుంటారు. నా ఇంట్లో నేను పోవాల. అంతవరకూ ఈ కాళ్ళు జారకుంటే చాలు."

మొదటి చలికాలం నేను నోరు పారేసుకున్నాను. "రాయికి చలేంది సిస్టరమ్మా? అగ్గిలాంటి ఎండకే పగలని రాయి ఇది. నాకు చెప్తాండావా బండల సంగతి!" ఆమె కర్రతో బండల మధ్య సందు చూపించింది. "ఎండ పైనుంచి కొడుతుందే. చలి లోపలికి దూరి కొడుతుంది. ఈ సందులో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే బండ కదులుతుంది, పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చుకు నా కాలు తగిలితే నేను లేస్తానా?" ఆ రోజునుంచి వంగి చేసే పనులన్నీ నావి, కర్రతో చూపించడం ఆమెది. సెప్టెంబరులో ఎండ ఉన్న రోజు చూసి ఒక్కసారి కడిగి, బాగా ఆరనిచ్చేవాళ్ళం. కత్తిమొనతో సందుల్లో పాచి గీకి, పొడి ఇసుకా సిమెంటూ కూరేవాళ్ళం. పూలకుండీల కింద నీళ్ళు నిలవకుండా ఇటుకలు పెట్టేవాళ్ళం. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చేయాలి. అక్టోబరు దాటాక బండ మీద నీటిచుక్క పోయకూడదు. మంచు పడితే గరుకిసుక చల్లాలి. ఒకసారి రోడ్డు మీద ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళు ఉప్పు చల్లడం చూసి నేనూ వంటింటి ఉప్పు గుప్పెడు విసిరాను. "ఏందే అది, ఊరగాయ పెడతన్నావా?" అని కర్రెత్తింది. "ఉప్పు రాయిని తినేస్తది. ఊడ్చు ముందు!"

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ బండల మీదే. ఒక ఎండాకాలం, ఆసుపత్రి నుంచి నాకొచ్చిన మందుల డబ్బా తలకిందులుగా పట్టుకోవడం చూసి, పేరైనా రాయడం రాదా అని అడిగింది. రాదన్నాను. అరవై దాటాక నేర్చుకొని ఏం ఊడబొడవాలన్నాను. "చచ్చేలోపు నీ పేరు నువ్వు చూసుకోవద్దా?" అని సుద్దముక్క చేతిలో పెట్టి, కాళ్ళ దగ్గరున్న బండ చూపించింది. నా జన్మలో అట్లాంటివి ఎన్ని వేల బండలు ఎత్తానో నాకే తెలియదు. ఒక్కదాని మీదా గీత గీయలేదు. ఆమె కుర్చీలో కూర్చొని కర్రతో గాల్లో రాసేది, నేను కింద కూర్చొని బండ మీద రాసేదాన్ని. తప్పు పోతే, "ఆ కొమ్మేందే, తేలు తోక లాగుంది," అనేది. సాయంత్రానికి వాన వచ్చి అంతా కడిగేసేది. మర్నాడు మళ్ళీ మొదలు. రెండు వేసవులు అట్లా గడిచాక నేను బస్సు మీద ఇంగ్లీషులో ఉన్న ఊరి పేరు చదవలేకపోయినా, తెలుగులో ఒక ఉత్తరం రాయగలిగాను. ఆమె రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు డేనియల్ మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. సిస్టరమ్మ వారం ముందునుంచే కిటికీలో కాగితపు నక్షత్రం కట్టింది. నాకూ ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఆమె తలుపు తీసేసరికి బండల మీద నక్షత్రం ముగ్గు కనబడాలనుకున్నాను. మరి కడగని వాకిట్లో ముగ్గెట్లా వేస్తారు? పండగ పూట నీళ్ళు చల్లని ఇల్లు నేను చూడలేదు. నీళ్ళు పోయొద్దన్న మాట గుర్తుంది. అయితే ఆ మాట చన్నీళ్ళకు అనుకున్నాను. వేడినీళ్ళు గడ్డకట్టవు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. రాయి గురించి ఆమెకంటే నాకే ఎక్కువ తెలుసని నా కడుపులో ఎక్కడో ఇంకా ఉంది. తెల్లవారుతుండగా కంచె గేటు తీసుకొని పోయి రెండు బక్కెట్ల వేడినీళ్ళు పోసి, చీపురుతో ఊడ్చాను. బండల మీద ఆవిరి లేచింది. చూడడానికి బాగుంది. ముగ్గుడబ్బా తెచ్చుకుందామని ఇంట్లోకి వెళ్ళాను. మనవరాలు లేచి ఏడుస్తుంటే ఎత్తుకొని కప్పుతో పాలు తాగించాను. అంతే ఆలస్యం.

"ఓబుళమ్మా!" అన్న కేక వినబడింది. పండగ కదా, పిలుస్తోందనుకున్నాను. ఆ వెంటనే కర్ర రాయి మీద పడ్డ చప్పుడు. వెళ్ళి చూస్తే, నేను పోసిన నీళ్ళు గడ్డకట్టి బండలన్నీ అద్దంలా ఉన్నాయి. ఆమె గుమ్మం ముందు పక్కకు ఒరిగి ఉంది, ఒక కాలు తిరిగిపోయి ఉంది. నాగమణి అంబులెన్సుకు ఫోన్ చేసింది. నేను దుప్పట్లు కప్పి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. బక్కెట్టు అక్కడే ఉంది. అంబులెన్సు రాకముందే ఆమె తల కింద దుప్పటి పెట్టి లేచి, దాన్ని కాలితో కంచె గేటు ఇవతలికి నెట్టాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి వచ్చిన డేనియల్, "హౌ డిడ్ షీ ఫాల్, ఆంటీ?" అని అడిగాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడడం, చదవడం రాదు. "ఐస్, నాయనా," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. జనవరి నెలాఖరుకు ఆమెను కేర్ హోమ్‌కు మార్చారు. కుర్చీల వరస, గోడ గడియారం, ఆమె చెప్పినట్టే ఉన్నాయి. రెండో వారం నేను ఆమె మంచం పక్కన కూర్చొని చెప్పేశాను.

"నీళ్ళు పోసింది నేనే సిస్టరమ్మా."

"తెలుసులేవే. బక్కెట్టు చప్పుడు విన్నా."

"విని గూడా బయటికి యాల వచ్చినావు?"

"నువ్వు పడతావని. ఆ హవాయి చెప్పులేసుకొనే గదా తిరుగుతావు." తలగడ మీద తల నా వైపు తిప్పింది. "వద్దని చెబుదామని లేచా. కర్ర దొరికి, కోటు తొడుక్కొని వచ్చేసరికి నువ్వు లేవు."

డేనియల్‌కు చెబుతానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలమేమీ లేదు. "ఇప్పుడు చెప్పకు. వాడు నిన్ను ఇక్కడికి రానివ్వడు. నువ్వు రాకపోతే ఇక్కడ నేను తెలుగులో ఎవరిని తిట్టను? నేను పోయినాక చెప్పు."

మార్చిలో నిమ్ము చేసి పోయింది. సమాధి దగ్గర డేనియల్ నా రెండు చేతులూ పట్టుకొని, "థాంక్యూ ఫర్ లుకింగ్ ఆఫ్టర్ మమ్, ఆంటీ," అన్నాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. బిడ్డ బతుకు ఈ ఊళ్ళో ఉంది, నా వల్ల తన పేరు పాడవుతుందని సాకు చెప్పుకున్నాను. అసలు సంగతి భయం.

ఏప్రిల్‌లో పక్కింటి ముందు చెత్త తీసుకెళ్ళే పెద్ద ఇనప తొట్టి దిగింది. ఇద్దరు మనుషులు గడ్డపారలతో బండలు పెకలించడం మొదలుపెట్టారు. నేను కంచె దగ్గరికి పరిగెత్తాను. డేనియల్ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. "దిస్ స్టోన్ కిల్డ్ మై మమ్," అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళ నాయన పరిచిన బండలు ఒక్కొక్కటే తొట్టిలో పడి పగులుతున్నాయి. గనిలో బండ పగిలితే వచ్చే చప్పుడు నాకు తెలుసు. ఆ చప్పుడుతోనే నా మొగుడి కబురూ వచ్చింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచి నేనన్నది ఒకటే మాట. "ఒక్క బండ నాకియ్యి నాయనా."

తలుపు దగ్గర నేను అక్షరాలు దిద్దుకున్న బండను వేలితో చూపిస్తే, వాడు తానే మోసుకొచ్చి మా గోడవార దించాడు. "బీ కేర్‌ఫుల్, ఆంటీ. ఇట్ గెట్స్ స్లిప్పరీ," అన్నాడు. ఆ మాట తగిలినట్టు నా బతుకులో ఏ తిట్టూ తగల్లేదు.

ఇప్పటికి రెండు చలికాలాలు గడిచాయి. బండ పెచ్చు లేవలేదు. ఆ బక్కెట్టు నా దగ్గరే ఉంది. అందులో నీళ్ళు పోయను, గరుకిసుక నింపి తలుపు పక్కన పెట్టుకుంటాను. ఈ కాగితాలు నెల రోజులుగా రాస్తున్నాను. సాయంత్రం నాగమణి చేతికిస్తాను. చదివాక తను నన్ను ఏమంటుందో తెలియదు. ఇంగ్లీషులోకి మార్చి గ్లాస్గోకు పంపమంటాను. మార్చడం ఇష్టం లేకపోతే ఈ చివరి ముక్క ఒక్కటి చాలు.

డేనియల్, మీ నాయన బండలు సరిగ్గానే పరిచాడు. మీ అమ్మ వాటిని సరిగ్గానే కాపాడుకుంది. రాయి తప్పేమీ లేదు. నీళ్ళు నేను పోశాను.