మా అత్తయ్య నోరు మూసుకున్న రోజు

మా అత్తయ్య ముప్పై ఏళ్ళు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మింది. వీధి మొదట్లో "టమాటాలే!" అని కేకేస్తే, చివరింటివాళ్ళు గిన్నె పట్టుకుని బయటికొచ్చేవారు. అందరూ ఆవిడను మైకమ్మ అనేవారు. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, నాకు ఉత్తమురాలినయ్యే యోగం రాసిపెట్టి లేదు.

అలాంటి మనిషి అరవై ఒకటో ఏట గొర్రెల కుక్కతో పని చేయించడం నేర్చుకుంటానంది. కారణం మామయ్య. పాక మీద రేకులు సరిచేస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నూట నలభై గొర్రెల మంద, దాన్ని కాసే నల్లపిల్ల అనే ఆడకుక్క. అది మామయ్య మాట తప్ప ఎవరి మాటా వినదు. మా ఆయన లారీ మీద పోతే పది రోజులకు గానీ తిరిగిరారు. నేనేమో గొర్రె ఎదురొస్తే పక్కకు తప్పుకునే రకం.

"ఇక అమ్మేద్దాం," అన్నారు మామయ్య, గోడవైపు తిరిగి. నలభై ఏళ్ళు సాకిన మంద అది.

"ఒక్క నెల ఆగండి. నేను నేర్చుకుంటాను," అంది అత్తయ్య.

"నువ్వా! నీ అరుపుకి గొర్రెలు పొలిమేర దాటి పోతాయే."

ఎగతాళి చేసినా, మర్నాడే పాఠం మొదలుపెట్టారు. మంచం మీద కంచం, కంచంలో గుప్పెడు శనగలు. అవి గొర్రెలు. అంచున పెట్టిన గ్లాసు అత్తయ్య. చొక్కా నుంచి ఊడిన నల్ల గుండీ నల్లపిల్ల.

"కుక్క తిన్నగా మీదికి పోతే గొర్రెలు చెల్లాచెదురైపోతాయి. అందుకే అది దూరంగా చుట్టు తిరిగి వెనక్కి చేరుతుంది," అంటూ గుండీని కంచం అంచు వెంబడి జరిపారు. "అటువైపు నుంచి నీ దగ్గరికి తోలుకొస్తుంది. నువ్వు 'పో' అని ఊరుకోవాలి, అంతే."

కంచంలో అంతా బాగానే ఉంది. బయట, "పో" అనగానే నల్లపిల్ల గొర్రెలవైపు కాకుండా ఇంటెదురు దిబ్బ పక్కనున్న వాగువైపు పరిగెత్తేది. అత్తయ్య ప్రాణం ఆగేది కాదు. "అటు కాదే! ఇటు! ఇటు రావే!" సగం దారిలో కుక్క ఆగిపోయేది. గొర్రెలవైపు ఒకసారి, ఆవిడవైపు ఒకసారి చూసి, తోక దించుకుని తిరిగొచ్చేది. రోజూ ఇదే తంతు. రానురాను అది నాలుగడుగులు వేయగానే, ఎవరూ పిలవకుండానే ఆగి వెనక్కి చూడడం మొదలుపెట్టింది.

మంచం మీంచి ప్రతి కేకా విన్న మామయ్య ఒకరోజు మెల్లగా అన్నారు.

"అది తప్పిపోవట్లేదే, చుట్టు తిరిగి పనికి పోతోంది. ఇంకోసారి సగంలో పిలిచావంటే దాని మీద దానికే నమ్మకం పోతుంది. ఇక ఎవరికీ పనికిరాదు."

"దిబ్బ దాటితే నాకు కనబడదు కదండీ!"

"నాకు మాత్రం కనబడిందా? నలభై ఏళ్ళలో ఏ కుక్కా ఒక్కరోజు కూడా కనబడలేదు."



నెల నిండిన రోజు మందను కొనడానికి బేరగాడు వచ్చాడు. గొర్రెలు దిబ్బకు అవతలి వాలులో మేస్తున్నాయి. "మందను దించండి, ఒకసారి చూస్తాను," అన్నాడు టీ అందుకుంటూ. అత్తయ్య, నల్లపిల్ల బయలుదేరారు. మామయ్యకు మంచం మీంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు, అందుకని నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పో," అంది అత్తయ్య.

కుక్క నేలకు కరుచుకున్నట్టు వంగి వాగువైపు పరిగెత్తింది. నాలుగడుగుల దగ్గర ఆగి వెనక్కి చూసింది. అత్తయ్య కదల్లేదు. మళ్ళీ పరుగు అందుకుంది, చుక్కంత అయింది, దిబ్బ వెనక్కి మాయమైంది.

"పారిపోయినట్టుంది," అన్నాడు బేరగాడు.

మామయ్య చెయ్యెత్తి అతని నోరు మూయించారు. ప్రాణమంతా చెవుల్లో పెట్టుకున్నారు. బయట అత్తయ్య నోరు తెరిచింది. ఆవిడ గబుక్కున రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అలాగే నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. టీ మీద మీగడ కట్టింది.

"టీ తాగి వెళ్ళండి. నేను మందను అమ్మట్లేదు," అన్నారు మామయ్య.

"గొర్రెలే రాలేదు కదా పెద్దాయనా! కుక్క కూడా లేదు."

"వస్తాయి. మా ఆవిడ పిలవలేదు."

అప్పుడు దిబ్బ మీద ఒక తల కనబడింది. తర్వాత పది. తర్వాత దిబ్బ కనబడలేదు, అన్నీ గొర్రెలే. తొందర లేదు, తొక్కిసలాట లేదు. వాటి వెనక నల్లపిల్ల ఒక్కతే. ఎవరూ చూడని చోట, ఎవరూ చెప్పకుండా, ఒక మూగజీవి అంత పనీ చేసుకొచ్చింది. దండం పెట్టాలనిపించింది. గొర్రెలు వచ్చి మోకాళ్ళకు తగులుతున్నా అత్తయ్య నోటి మీంచి చేతులు తియ్యలేదు.

"వచ్చాయా?" అన్నారు మామయ్య.

"వచ్చాయి మామయ్యా."

"కుక్క పరిగెత్తుతోందా, నడుస్తోందా?"

"నడుస్తోంది. దిబ్బ దిగేటప్పుడు ఒక్కసారి కూడా అత్తయ్యవైపు చూడలేదు."

"అయితే కుక్క చెడిపోలేదు," అని ఆయన బేరగాడి ముందే ఏడ్చేశారు.